నొప్పి లేని గడ్డ

మహబూబాబాద్‌లో ఉండే మా పెద్దమ్మకు రొమ్ములో గడ్డ ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. "నొప్పి లేదు గద బిడ్డా, అందుకే చెప్పలే" అంది. డాక్టరమ్మ వేళ్లతో తడిమి చూసి, "రాయిలా ఉంది" అంటూ వెంటనే పరీక్షలు రాసింది.

సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ మెసేజ్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. నొప్పి కూడా అంతే. గట్టిదనమూ చూడాలి.

వేళ్లు చెప్పేదాన్నే ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష అంకెల్లో చెబుతుంది. ఒంట్లోకి చిన్న అల పంపి వేగం చూస్తారు. గట్టి చోట అల వేగంగా పోతుంది. మామూలు కొవ్వు కొద్ది కిలోపాస్కల్స్ చూపిస్తే, రొమ్ము క్యాన్సర్ గడ్డ తరచూ వంద దాటుతుంది. మెత్తటి క్యాన్సర్లూ ఉంటాయి కాబట్టి చివరి మాట బయాప్సీదే.

గట్టిదనం ఒకటైతే, గడ్డ లోపలి ఒత్తిడి ఇంకొకటి. కాన్పూర్ ఐఐటీలో 1972లో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన రాకేష్ జైన్, హార్వర్డ్‌లో దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నారు. సన్నటి సూది గుచ్చి కొలిస్తే, మామూలు కణజాలంలో ద్రవం ఒత్తిడి సున్నా దగ్గర ఉంటుంది. కొన్ని గడ్డల్లో అది బీపీ మిషన్ లెక్కలో 20 కూడా దాటుతుంది. పైగా పెరిగే కణాలు రక్తనాళాలను నొక్కేస్తాయి. మిర్చి తోటలో డ్రిప్ పైపు మీద బండ పడితే చివరి మొక్కకు నీళ్లందవు కదా! అలాగే నరంలోకి ఎక్కించిన మందు గడ్డ నడిమిదాకా సరిగ్గా చేరదు.

ఈ బిగువును బీపీ మాత్ర లోసార్టాన్ సడలిస్తుందేమోనని బోస్టన్‌లో 49 మంది పాంక్రియాస్ క్యాన్సర్ రోగులకు కీమో, రేడియేషన్‌తో కలిపి ఇచ్చి చూశారు. 2019లో వచ్చిన ఫలితాలు ఆశ పుట్టించాయి. కానీ మాత్ర వేసుకోని వాళ్లతో పోల్చి చూడలేదు కాబట్టి అది రుజువు కాదు. ఎవరూ సొంతంగా మింగొద్దు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రి దాకా పోవడం తర్వాతి సంగతి. ముందు గడ్డను తడిమి చూసే చెయ్యి జిల్లాలోనే ఉంది.

పెద్దమ్మకు చికిత్స నడుస్తోంది. మొన్న ఫోన్‌లో పక్కింటామె గురించి చెప్పింది. "నొప్పి లేదని కూసున్నది. నేనే గుంజుకపోయి చూపిచ్చిన."