పుట్టుకతో వచ్చే పదవి

ఇంగ్లండులో ప్రభువు పోతే బిరుదు సాధారణంగా పెద్దకొడుక్కే దక్కుతుంది. మన పిడుగురాళ్ల వైపు ఊళ్లలోనూ అంతే జరిగేది: తండ్రి మునసబైతే కొడుకు మునసబు, తండ్రి కరణమైతే కొడుకు కరణం. 1895 నాటి మద్రాసు చట్టం ఆ హక్కుకు ముద్ర వేసింది. దాన్ని కదిలించింది గుంటూరు జిల్లా వ్యాజ్యమే. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి తగాదాలో, వంశం చూసి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా పాత పద్ధతి పూర్తిగా పోలేదు. 1984 జనవరిలో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ ఆ పదవులను రద్దు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చేదాకా ఊరి లెక్కలు ఆ ఇళ్లలోనే ఉన్నాయి. రాత్రికి రాత్రి జీవనం పోయిన కరణాల బాధ నిజమైనదే, వారి భూమి పరిజ్ఞానాన్ని ప్రభుత్వం సరిగా అందిపుచ్చుకోలేదు కూడా. కానీ మిరప రైతు అడంగల్ కోసం ఒక గడప ముందు చేతులు కట్టుకు నిలబడే రోజులు పోవలసిందే. ఇప్పుడు ఆ వారసత్వం పార్టీ టికెట్లలోకి చేరింది. నాయకుడి కొడుకో కూతురో ఓటడగడానికి వస్తే, తాము సొంతంగా ఈ ఊరికి ఏం చేశారో ముందు చెప్పమనండి.