గోడవార గడ్డిని వదిలేద్దాం

అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ కొత్త క్వార్టర్‌లో మనం చేసే మొదటి పని బూజు దులపడం. లారీలోంచి సామాను దిగకముందే బూజుకర్ర చేతికొస్తుంది. ఊరు మారినా, భాష మారినా సాలెపురుగు మాత్రం అన్ని చోట్లా ఉంటుంది. ఇంట్లో బూజు దులపవద్దని మేము అనడం లేదు. కానీ బడి ప్రహరీ వెంబడి పెరిగే గడ్డిని కూడా అదే చూపుతో చూసి, మొదలంటా కోయించి, పురుగుల మందు కొట్టించడం సరికాదని మా అభిప్రాయం.

పేరులో పురుగు ఉన్నా సాలెపురుగు కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. 'సాలె' అంటే నేతగాడు. అయినా గడ్డిలో ఉండే సాలెపురుగుల్లో చాలా రకాలు వల పన్నవు. కొన్ని మాటు వేసి కూర్చుంటాయి, కొన్ని వెతుక్కుంటూ తిరిగి మీదికి దూకుతాయి. ప్రపంచంలోని సాలెపురుగులన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల ఆహారం తింటాయని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అందులో చాలా భాగం కీటకాలే.

అయితే తినడం ఒక్కటే వాటి పని కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆస్వాల్డ్ ష్మిట్జ్, ఆయన సహచరులు కనెటికట్ రాష్ట్రపు పచ్చిక బయళ్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని సాలెపురుగుల నోటిభాగాలను జిగురుతో అతికించి, మిడతలున్న పంజరాల్లో వదిలారు. అవి ఒక్క మిడతను కూడా చంపలేవు. అయినా మిడతలు భయపడ్డాయి. ఇష్టమైన గడ్డిని మేయడం తగ్గించి, గుబురు మొక్కల్లో దాక్కుని వాటి ఆకులు తిన్నాయి. గడ్డికి నష్టం తగ్గింది. పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ ఎవరినీ ఏమీ అనకపోయినా, అటూ ఇటూ నడిస్తే చాలు కదా!

2008లో ష్మిట్జ్ ప్రకటించిన మూడేళ్ల ప్రయోగం ఇంకో సంగతి చెప్పింది. మాటు వేసే సాలెపురుగులున్న చోట మిడతలు గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్కను ఎక్కువగా తిన్నాయి. ఆ మొక్క పెత్తనం తగ్గి, మిగతా రకాలకు చోటు దొరికింది. తిరిగి వేటాడే సాలెపురుగులున్న చోట గోల్డెన్‌రాడే విజృంభించింది. అంటే ఏ సాలెపురుగు ఉందన్నదాన్ని బట్టి బయలు రూపమే మారిపోయింది.

ఇది మన అన్నం కంచానికీ సంబంధించిన విషయమే. వరి కూడా గడ్డి జాతి మొక్కే. వరికి దోమపోటు తెచ్చే సుడిదోమను సాలెపురుగులు తింటాయి. విచక్షణ లేకుండా మందులు కొడితే ముందు చచ్చేది ఈ కాపలాదారులే. ఆ తర్వాత దోమ మరింత పెరుగుతుంది. ఈ కారణంతోనే ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది.

గడ్డి పెరిగితే పాములు రావా అని అమ్మలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆటస్థలంలోనూ, చిన్న తరగతుల గదుల దగ్గరా గడ్డి కోయాల్సిందే. మేము అడుగుతున్నది ఎవరూ నడవని ఒక మూల, గోడవారగా రెండు మూడు గజాల వెడల్పు మాత్రమే. అక్కడ మందు కొట్టకూడదు, నిప్పు పెట్టకూడదు. మనం కూడా గడ్డిలోకి దిగకుండా, ఉపాధ్యాయుల వెంట గట్టు మీద నిలబడి చూడాలి. ఎన్ని రకాల మొక్కలున్నాయి, ఏ ఆకులు కొరికి ఉన్నాయి, ఎన్ని సాలెపురుగులు కనిపించాయి అని వారానికోసారి నోటుపుస్తకంలో రాయాలి.

మొక్క నాటితే అది చెట్టై నీడనిచ్చే దాకా మనలో చాలామందిమి ఇక్కడ ఉండం. ఈలోపు ఇంకో బదిలీ ఆర్డరు వస్తుంది. గడ్డికి మాత్రం ఒక్క వానాకాలం చాలు. వదిలేసిన ఆ మూలలో ఏం జరిగిందో మన కళ్లతోనే చూసి వెళ్లవచ్చు. మన నోటుపుస్తకాన్ని మన తర్వాత ఆ బెంచీలో కూర్చునే వాళ్లకు అప్పగించి వెళ్దాం.