కొత్తది వచ్చింది సరే, పాతది ఎప్పుడు పోతుంది?

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. ఈమధ్య మా అల్లుడు ఓ మాటన్నాడు. "యూపీఐ నాలుగేళ్లలో బజారంతా పాకింది. మీ బ్యాంకులు కంప్యూటర్లోకి ఎక్కడానికి ఇరవయ్యేళ్లు పట్టింది కదా మామయ్యా?"

లెక్క నిజమే. బ్యాంకుల్లో యంత్రాలు పెట్టమని రంగరాజన్ కమిటీ 1984లోనే చెప్పింది. ఉద్యోగాలు పోతాయని యూనియన్లు భయపడ్డాయి, ఏ యంత్రం ఎక్కడ పెట్టాలో ఒప్పందాలు రాయించుకున్నాయి. అయితే ఆలస్యమంతా యూనియన్ల పుణ్యమే అంటే ఒప్పుకోను. యంత్రం వచ్చాక కూడా పొద్దున్న అందులో పోస్టింగు చేసి, అవే పద్దులు లెడ్జరులోనూ రాసేవాళ్లం. సాయంత్రానికి రెండూ కలవాలి. పది పైసలు తేడా వచ్చినా ఆ పూట ఇంటికి పోయేది లేదు. 1994 ప్రాంతంలో పుట్టిన కొత్త ప్రైవేటు బ్యాంకులకు ఈ బాధ లేదు. వాటికి పాత లెడ్జర్లే లేవు!

ఇంట్లో అయితే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మా ఆవిడ గ్రైండరు కొన్న రోజే రుబ్బురోలు పెరట్లోకి పోయింది. రెండింట్లో రుబ్బి పిండి సరిపోల్చలేదు. ఇడ్లీ గట్టిపడితే ఆ పూటతో సరి. బ్యాంకులో అంకె తప్పితే ఎవరి పింఛనో ఆగుతుంది.

యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ సెప్టెంబరులో జియో, నవంబరులో నోట్ల రద్దు. 2020 జనవరి నుంచి దుకాణదారుకు ఛార్జీ కూడా లేకుండా చేశారు. పాకక ఏం చేస్తుంది? కానీ శ్రీకాకుళం ఖాతాలో డబ్బు క్షణంలో నిజామాబాద్ కొట్టువాడికి చేరుతోందంటే, అన్ని బ్రాంచీల లెడ్జర్లూ ముందే కోర్ బ్యాంకింగ్ అనే ఒకే కంప్యూటరు వ్యవస్థలోకి చేరాయి కాబట్టే. అల్లుడి ఫోన్లో మా నత్తనడక ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటి ప్రభుత్వ ఆఫీసులను వెనకేసుకు రాను. మా రెండు రాతలకూ ఒక ముగింపు ఉండేది. లెక్కలు కుదిరాయని తేలాక పైనుంచి అనుమతి వచ్చేది, లెడ్జర్లు అటకెక్కేవి. ఇప్పుడు ఆ ముగింపే కనబడదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. మంచి పనే. కానీ మొన్న ఓ కార్యాలయంలో నా చేత యంత్రం మీద వేలిముద్ర వేయించుకుని, వెంటనే ఆధార్ జిరాక్సు రెండు సెట్లు అడిగారు. "ఆన్‌లైన్‌లో ఉందిగా అమ్మా?" అంటే, "ఫైల్లో కూడా ఉండాలి సార్" అంది ఆ అమ్మాయి. ఆమెను ఏమనగలం? జిరాక్సు అడగొద్దని ఆమెకు ఎవరూ రాసివ్వలేదు.

అందుకే కొత్త యాప్ మొదలుపెట్టే ప్రతి జీవోలోనూ ఇంకో వాక్యం ఉండాలంటాను: ఫలానా తేదీ నుంచి ఫలానా రిజిస్టరు రాయక్కర్లేదు, ఫలానా కాగితం అడగకూడదు. కింద అధికారి సంతకం. ఆ ప్రతి కౌంటరు అద్దానికి అంటించాలి, మనవైపు తిప్పి.