తరుగు కోయుటకు ముందు తేమ మీటరును పరీక్షింపవలెను



మన సంఘములలో కొన్నిచోట్ల నూలు గోడౌను గోడకు వేడిని, తేమను చూపు చిన్న మీటరు ఒకటి వ్రేలాడుచున్నది. కొన్న రోజున అందరును ఆసక్తితో చూచినారు. ఆ తరువాత దానిని తుడిచినవారు అరుదు, పరీక్షించినవారు ఇంకను అరుదు. ఇది నేతవారి మజూరీకి సంబంధించిన సంగతి గనుక రెండు మాటలు వ్రాయుచున్నాను.

నూలు గాలిలోని తేమను పీల్చును, విడుచును. పూర్తిగా ఎండిన 100 కిలోల ప్రత్తి నూలుకు 8.5 కిలోల తేమ, పట్టుకైతే 11 కిలోల తేమ ఉండుట సమ్మతమని వ్యాపారపు లెక్క. అనగా ఆ ప్రత్తి నూలు 108.5 కిలోలు తూగును. గాలి పొడిబారి, ఆ తేమ 5 కిలోలకు దిగినచో అదే నూలు 105 కిలోలే తూగును. ఈ లెక్కన 5 కిలోల నూలు తీసికొనిపోయిన వారికి, ఒక్క పోగు పోకుండగనే సుమారు 160 గ్రాములు తగ్గును. గంజి బరువు, పనిలో పోవు పీచు వేరే లెక్క. వానలలో నూలు తూచి ఇచ్చి, ఎండలలో బట్ట తూచి పుచ్చుకొన్నప్పుడు ఈ 160 గ్రాములు తరుగు పద్దులో పడి, మజూరీలో కోతగా తేలును. పట్టులో గ్రాము వెల ఎంతయో కంచి వైపు నేయువారికి చెప్పనక్కరలేదు.

షోలాపురపు వేసవి గాలి వేరు. యానాం, బరంపురముల సముద్రపు గాలి వేరు. కావున నూలు ఇచ్చిన దినమున, బట్ట పుచ్చుకొన్న దినమున తేమ ఎంతయో వ్రాసి ఉంచుటయే న్యాయము. కాని ఆ అంకె నిజమైనదై ఉండవలెను గదా!

ఈ మీటరులో తేమను పీల్చు పలుచని పొర ఒకటి ఉండును. పీల్చిన తేమనుబట్టి దాని విద్యుత్తు గుణము మారును. ఆ మార్పునే అంకెగా చూపును. దూది నుసి, గంజి ధూళి పేరుకొనినను, రంగు తొట్ల ఆవిరి, బ్లీచింగు పొడి ఘాటు తగిలినను లెక్క తప్పును. అయినను మీటరు ఆగదు, తప్పు అంకెనే చూపుచుండును. చిక్కంతయు ఇందులోనే ఉన్నది.

కావున మీటరును నూలు చిలపలున్న ఎత్తులో, గాలి ఆడుచోట కట్టవలెను. రేకు కప్పు క్రింద, ఎండ పడు గోడకు, దీపము ప్రక్కన కట్టరాదు. 27 డిగ్రీల వద్ద 65 ఉన్న తేమ, అదే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు 61కి దిగును. నెలకొకసారి మెత్తని పొడి కుంచెతో నుసి దులపవలెను. తడిగుడ్డతో తుడువరాదు, స్పిరిటు పూయరాదు, నోటితో ఊదరాదు. అంకె మసకబారక ముందే బ్యాటరీ మార్చవలెను. వేడి అంకెను ప్రక్కన మంచి థర్మామీటరు పెట్టి సరిచూడవచ్చును.

తేమను సరిచూచుటకు వంటింటి ఉప్పు చాలును. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకవలె అగునట్లు కొద్ది చుక్కల నీరు కలుపవలెను, ఉప్పంతయు కరిగిపోరాదు. ఆ మూతను, మీటరును తగులకుండ, గాలి చొరని డబ్బాలో పెట్టి, నీడన రాత్రంతయు ఉంచవలెను. తెల్లవారి మీటరు 75 చూపవలెను. రెండు మూడు అంకెల తేడా చవక మీటరులలో సహజము. 71 చూపినచో నాలుగు తక్కువ చూపుచున్నదని చీటీ అంటించి, ఆ నాలుగు కలిపి వ్రాసికొనవలెను. ఐదు దాటినచో మార్చవలెను. క్రొత్తది కొన్నను ఈ పరీక్ష తప్పదు.

వ్రేళ్లకే నూలు తేమ తెలియునని మన పెద్దలందురు. అది నిజమే. పడుగు తెగునో నిలుచునో వారు పట్టుకొని చెప్పగలరు. కాని లెక్కల పుస్తకము ముందు ఆ మాట సాక్ష్యముగా నిలువదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము క్రింద మన తక్కెడలకు, తూకపు రాళ్లకు ముద్ర వేయించుచున్నాము. గోడమీది మీటరుకు ముద్ర ఉన్నదా అని మన సంఘములలో అడుగువారు లేరు. కావున ఆ పరీక్ష మనమే చేసికొనవలెను.

నా మనవి ఇది. ప్రతి నెల మొదటి వారములో ఇద్దరు నేతవారి ఎదుట ఉప్పు పరీక్ష జరిపి, పుస్తకములో వ్రాసి, వారి సంతకము తీసికొనవలెను. నూలు ఇచ్చు చీటీమీద, బట్ట పుచ్చుకొను చీటీమీద ఆ నాటి వేడి, తేమ వేయవలెను. ఆ రెండు అంకెలను చూడక తరుగు పేర ఎవరి మజూరీలోను కోత వేయరాదు. రాబోవు సర్వసభ్య సమావేశములలో సభ్యులు ఈ మూడింటిని తీర్మానముగా ప్రతిపాదింపవలెనని కోరుచున్నాను.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి