జనరల్‌తో కరచాలనం శాంతి కాదు

2021 మార్చి 3న మయన్మార్‌లోని మొన్యువాలో నిరసనకారుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లలో కె జా విన్ అనే కవి ఉన్నాడు. మే నెలలో ఖెట్ థీ అనే ఇంకో కవిని విచారణ పేరుతో పట్టుకుపోయి, మర్నాడు భార్యకి శవాన్ని అప్పజెప్పారు. ఈ రెండు చావులకీ మధ్య, ఏప్రిల్ 24న, ఆసియాన్ దేశాల పెద్దలు జకార్తాలో కూర్చుని మయన్మార్ కోసం ‘ఐదు సూత్రాల ఏకాభిప్రాయం’ ప్రకటించారు.

ఎవరి ఏకాభిప్రాయం? ఫిబ్రవరి 1న ప్రభుత్వాన్ని కూలదోసిన జనరల్ మిన్ ఆంగ్ హ్లైంగ్ ఆ సమావేశంలో ఉన్నాడు. ఎన్నికల్లో గెలిచినవాళ్లు పెట్టుకున్న జాతీయ ఐక్యతా ప్రభుత్వానికి పిలుపు లేదు. దశాబ్దాలుగా పోరాడుతున్న కచిన్, కరెన్, చిన్ సంస్థలకీ లేదు. ఇల్లు తగలబెట్టినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్లని వీధిలో నిలబెట్టి చేసే పంచాయితీని ఏ ఊరైనా ఒప్పుకుంటుందా?

హింస ఆగాలి, అన్ని పక్షాలూ మాట్లాడుకోవాలి, ప్రత్యేక రాయబారి మధ్యవర్తిత్వం చెయ్యాలి, ఆయన వెళ్లి అందరినీ కలవాలి, మానవతా సాయం అందాలి. ఇవీ ఆ ఐదు. వింటే అన్నీ మంచి మాటలే. కానీ గడువు లేదు, పాటించకపోతే ఏమవుతుందో లేదు. అధ్యక్ష దేశంతో పాటు రాయబారి బాధ్యతా ఏటా చేతులు మారింది. మొదటి రాయబారి ఆంగ్ సాన్ సూకీని కలవనివ్వరని తెలిసి ప్రయాణమే మానుకున్నాడు. 2022లో కంబోడియా ప్రధాని హున్ సేన్ మరణశిక్షలు అమలు చెయ్యొద్దని స్వయంగా ఉత్తరం రాశాడు. జులైలో నలుగురికి అమలు చేశారు. వాళ్లలో 1988 విద్యార్థి ఉద్యమకారుడు కో జిమ్మీ, హిప్‌హాప్ గాయకుడిగా మొదలై ఎంపీ అయిన ఫ్యో జేయా థా ఉన్నారు. ఆసియాన్ విచారం వెలిబుచ్చింది. శిఖరాగ్ర సభలకి జనరల్‌ని పిలవడం మానేసిన మాట నిజమే. కుర్చీ ఖాళీ పెట్టారు సరే, అందులో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చలేదు.

ఆసియాన్‌ని తిట్టి చేతులు దులుపుకుందామా? మయన్మార్‌తో మనకి 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 2022 డిసెంబర్‌లో హింస ఆపాలని భద్రతా మండలి తీర్మానం చేస్తే, చైనా, రష్యాలతో పాటు మనమూ ఓటెయ్యలేదు. శరణార్థుల్ని రానివ్వొద్దని 2021లో ఢిల్లీ ఈశాన్య రాష్ట్రాలకి లేఖ రాస్తే, చిన్ జనం మావాళ్లేనంటూ మిజోరం వాళ్లకి చోటిచ్చింది. 2025 మార్చి భూకంపం తర్వాత సాయం పంపాం, మంచిదే. వారానికే బ్యాంకాక్‌లో బిమ్స్‌టెక్ సభకి వెళ్లిన మన ప్రధాని జనరల్‌తో చేతులు కలిపారు.

‘మనం దూరమైతే చైనా దూరుతుంది’ అంటారు. తీసిపారేసే వాదన కాదది. కానీ ఆ చైనాయే 2024 జనవరిలో తిరుగుబాటు సంస్థల్నీ సైన్యాన్నీ కున్‌మింగ్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టి కాల్పుల విరమణ చేయించింది. తన స్వార్థం కోసమే అనుకోండి. నేల ఎవరి చేతిలో ఉందో దానికి తెలుసు. అదే నెలలో అరకాన్ ఆర్మీ పలెట్వా పట్టుకుంది. సిత్వే రేవు నుంచి మిజోరం దాకా మనం తలపెట్టిన కలదాన్ మార్గం పోవాల్సింది ఆ ఊరి మీదుగానే. నేపిడాలో ఎన్ని కరచాలనాలు చేస్తే ఆ దారి తెరుచుకుంటుంది?

రంగూన్‌ని మనవాళ్లు ‘రంగం’ అనేవాళ్లు. కోరంగి రేవు నుంచి కూలికి పోయిన తెలుగువాళ్లకి అక్కడ ‘కోరంగీలు’ అనే పేరే పడింది. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు బర్మా విడిచి పారిపోయారు. చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఇవాళ చిన్ కుటుంబాలు నడిచొస్తున్నదీ ఇటువైపే. వాళ్లకి మనం చూపించింది కంచె ప్రకటన. శరణార్థుల చట్టమంటూ మనకి ఇప్పటికీ లేదు.

చెయ్యాల్సింది అర్థం కానిదేం కాదు. ఐక్యతా ప్రభుత్వంతోనూ జాతుల సంస్థలతోనూ బాహాటంగా మాట్లాడాలి. మిజోరం మీదుగా సాయం సరిహద్దు దాటించాలి. వచ్చినవాళ్లని వెనక్కి తొయ్యకూడదు. అంతవరకూ ‘స్థిరత్వం’ అని ఎవరన్నా అంటే, ఎవరి స్థిరత్వం అని అడుగుదాం. దేశానిదా, జనరల్ కుర్చీదా?