బలమా? పొందికయా?

బాలబాలికలారా! జట్టు కట్టుట యనగానేమి? బలవంతులనందరిని ఒకచోట చేర్చుటయే జట్టు కట్టుట యని పెక్కుమంది తలంతురు. నేనును చాలకాలము అట్లే తలంచితిని. అది పొరపాటని నాకు నేర్పినవాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమడు. అందులకు సాధనమైనది అతడు సెల్‌ఫోనులో ఆడుకొను ఒక ఆట.

నిరుటి వేసవి సెలవులలో ఒక సాయంకాలము, మార్కాపురములోని మా యింటి అరుగుమీద అతడు మొగము వ్రేలవేసికొని కూర్చుండెను. కారణమడిగితిని. "తాతా! నా ఆరు జంతువులూ అన్నిటికంటె బలమైనవి. అయినా వరుసగా అయిదు ఆటలు ఓడిపోయాను" అనెను. ఎక్కడనో యున్న, తాను ఎన్నడును చూడని ఆటగాండ్రతో అతడు అంతర్జాలము మూలమున పోరాడుచుండెను. ఆట చిన్నదే కావచ్చును. ఓటమి మాత్రము వానికి చిన్నది గాదు. కావున ఆ యాట యెట్టిదో వివరముగా చెప్పుమని అడిగితిని.

ఆట పేరు పోకెమాన్. దీనిని కల్పించిన జపాను దేశీయుడు సతోషి తజిరి చిన్ననాడు పురుగులను పట్టి సేకరించుటయందు మిక్కిలి మక్కువ గలవాడు. ఆ మక్కువయే 1996లో ఆటగా రూపొందెను. ఇందు ఆటగాడు వింతజంతువులను పట్టి, పెంచి, వానిలో ఆరింటిని జట్టుగా కూర్చుకొనును. ఒక్కొక్క జంతువు నాలుగు విద్యలతో మాత్రమే పోరునకు దిగవచ్చును. నిప్పు, నీరు, పచ్చిక, మెరుపు, నేల, రాయి మొదలుగా ఈ జంతువులకు 18 జాతులు కలవు. నీరు నిప్పును ఆర్పును. నిప్పు పచ్చికను కాల్చును. పచ్చిక నీటిని త్రాగివేయును. మెరుపు నీటిజాతిని, ఎగురు జాతిని బాధించును గాని నేలజాతిని ఏమియు చేయజాలదు. కావున ఈ లోకమున అందరికంటె బలవంతుడనువాడు లేడు. ప్రతిదానికిని ఒక గెలుపు కలదు; ఒక భయము కలదు.

మార్కాపురము పలకల యూరు. ఇచ్చటి గనుల రాతితో చేసిన పలకలమీద ఎన్నో తరముల పిల్లలు అక్షరములు దిద్దికొనిరి. మా యింట మిగిలియున్న పాతపలక నొకదానిని తెచ్చి మనుమని చేతికిచ్చితిని. "నీ ఆరింటి పేర్లు ఒకదాని క్రింద ఒకటి వ్రాయుము. ప్రతిదాని యెదుట అది దేనికి భయపడునో వ్రాయుము" అంటిని. అతడు వ్రాసెను. చారిజార్డ్, ఆర్కనైన్, టైఫ్లోజన్ అను మూడును నిప్పుజాతివి. గోలెమ్, రైపీరియర్ అను రెండును రాయి, నేల కలసినవి. ఈ అయిదింటి యెదుటను "నీరు" అను మాటయే పడినది. అందును రాయి, నేల కలసిన జంతువునకు నీటిదెబ్బ నాలుగింతలై తగులును. ఆరవదియైన గయరడాస్ నీటికి వెఱవదు. కాని దానికి మెరుపుదెబ్బ నాలుగింతలు. ఇక ఎదిరి జట్టులో నీటిజంతువొకటి, మెరుపుజంతువొకటి యున్న చాలును గదా!

పలకను చూచి మావాడు చాలసేపు మాటాడలేదు. ఆరు బలములను చేర్చితినని అతడు తలంచెను. నిజమునకు అతడు ఒకే బలహీనతను అయిదుమారులు చేర్చెను.

ప్రకాశము జిల్లా రైతులకు ఈ న్యాయము క్రొత్తది గాదు. ఒంగోలు జాతి యెడ్లతో బండలాగుడు పందెములకు పోవువారు ఎద్దును గాక జతను చూతురు. వలపటి ఎద్దు ఉరికి, దాపటి ఎద్దు వెనుకబడినచో కాడి ఒరగును. ఒక్కొక్కటి యెంత బలమైనదైనను బండ చక్కగా సాగదు. అయితే కాడికి కావలసినది పోలిక. ఆరుగురి జట్టుకు కావలసినది భేదము. రెండింటికిని మూలసూత్రము ఒక్కటియే. ఒకరిని చూచి మరియొకరిని ఎన్నుకొనవలయును.

ఇచ్చట మరియొక భ్రమ కలదు. సమతూకమనగా ప్రతివాడును అన్ని పనులయందును కొంచెము కొంచెము నేర్పు గలవాడగుట యని కొందరందురు. అదియు సరికాదు. 2022లో వెలువడిన పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ ఆటలనే చూడుడు. వానిలో ప్రతి జంతువునకును ప్రాణము, దాడి, కాపు, విశేషపు దాడి, విశేషపు కాపు, వేగము అని ఆరు గుణములు. శిక్షణచే ఈ గుణములకు చేర్చదగిన పాయింట్లు మొత్తము 510. ఏ యొక్క గుణమునకును 252కు మించి చేర్చరాదు. ఆరింటికిని సమముగా పంచిన ఒక్కొక్కదానికి 85 వచ్చును. అట్టి జంతువు దాడిలో వాడి గాదు, కాపులో గట్టిది గాదు, వేగములో ముందు గాదు. అందువలన నేర్పరులు పెక్కుమారులు రెండు గుణములకు 252 చొప్పున ఇచ్చి, మిగిలిన 6 వేరొకదానికి ఇత్తురు. అనగా ఒక్కొక్కడు ఒక్కొక్క పనియందు గట్టివాడు కావలయును. సమతూకము జట్టుకు ఉండవలయును. ఈ భేదమును గ్రహించినవాడు సగము గెలిచినట్లే.

దీనికి చక్కని నిదర్శనము ఒకటి కలదు. ఈ యాట ప్రపంచపోటీలలో ఆటగాండ్రిద్దరును ఎదుటివాని ఆరు జంతువులను ముందుగా చూచి, తమ ఆరింటిలో నాలుగింటిని ఎన్నుకొందురు. బరిలో ఒక్కొక్కరికి రెండేసి నిలుచును. 2014లో అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరమున జరిగిన పోటీలో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ విజేత యయ్యెను. అతని జట్టులో పాచిరిసు అను చిన్న యుడుత యుండెను. పెద్దపోటీలలో దాని నెన్నుకొనువారు అరుదు. కాని ఎదుటివారి దెబ్బలను తనవైపునకు త్రిప్పుకొను విద్య దానికి కలదు. పైగా మెరుపు తగిలినచో దానికి గాయమగుటకు మారుగా బలము చేకూరును. పార్క్ జట్టులో గయరడాస్ కూడ ఉండెను. ఆ మహాజంతువునకు గండమైన మెరుపు ఈ యుడుతకు ఆహారము! "ఉడుతాభక్తి" యని మనము తేలికగా పలుకుచుందుము. ఆ దినమున ఉడుత లేనిచో పెద్దజంతువులు అంత నిబ్బరముగా పోరగలిగెడివి గావు.

ఈ కథ మనుమడు చెప్పగా విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పది యేండ్లనాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. అప్పుడు నేను తెలుగు ఉపాధ్యాయుడను. గిద్దలూరులో పాఠశాలలకు కబడ్డీ పోటీ జరుగగా మా పిల్లల జట్టును ఎన్నుకొను పని నాపై బడినది. కూతకు పోయి పాయింట్లు తెచ్చువారినే ఏడుగురిని ఏరితిని. మూలన నిలిచి, ఎదుటివాని మడమ పట్టినచో విడువని బాలుడొకడు ఉండెను. అతనికి కూత రాదు, మాటయు తక్కువ. అతనిని వదలివేసితిని. ఆట మొదలైన పిమ్మట మావారు కూతలలో పాయింట్లు తెచ్చుచునే యుండిరి. కాని ఎదుటివారు కూతకు వచ్చినపుడు పట్టువాడు లేడు. ఓడితిమి. ఆ బాలుడు ఆట ముగియువరకు గట్టుమీద మంచినీళ్ల బిందె ప్రక్కన కూర్చుండి, వచ్చినవారికి నీళ్లు పోయుచుండెను. "తప్పు నాది నాయనా! నీవు ఉండవలసినది" అని ఆనాడు చెప్పియుండవలయును. చెప్పలేదు. ప్రధానోపాధ్యాయుడనైన పిదప ఎన్నో సభలలో ఐకమత్యమును గూర్చి మాటాడితిని. ఆ యొక్క మాట మాత్రము అతనికి చేరలేదు. జట్టును చెడ కూర్చినందువలన కలుగు నష్టము ఓటమి యొక్కటియే గాదు. తగినవాడు తాను తగనివాడనని నమ్ముట అంతకంటె పెద్దనష్టము.

"అట్లైన నాకు ప్రియమైనదానిని వదలుకొనవలెనా?" యని మీరు అడుగవచ్చును. అక్కరలేదు. నా మనుమడు చారిజార్డ్‌ను వదలలేదు. దానికి దేనివలన భయమో తెలిసికొని, ఆ భయమును మోయగల తోడును వెదకెను. టైఫ్లోజన్‌ను, గోలెమ్‌ను తీసివేసి, పచ్చికజాతి వీనసార్‌ను, ఉడుత పాచిరిసును తెచ్చుకొనెను. మరునాటి ఆటలోను ఓడెను. అయితే ఈసారి ఎందుకు ఓడెనో తానే చెప్పగలిగెను. ఆ తరువాతి ఆట గెలిచెను.

ఇక పెద్దల మాట. ఆటలో పడి పిల్లలు చదువును, నిద్రను, కన్నులను పాడుచేసికొందురను వారి భయము నిరాధారము గాదు. ఆటకు గంట కొలత యుండవలయును. డబ్బొడ్డు ఆటల జోలికి ఎన్నడును పోరాదు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆమోదించిన చట్టము అట్టి అంతర్జాలపు ఆటలను నిషేధించి, నేర్పుతో పోటీపడు ఈ-క్రీడలను వేరుగా గుర్తించినది. మనమును ఆ భేదమును పాటింతము. ఆడినంతసేపు బుద్ధితో ఆడుడు. ఓడినపుడు పలక తీసికొనుడు.

బాలబాలికలారా! రేపు మీరు కబడ్డీకో, నాటకమునకో, విజ్ఞాన ప్రదర్శనమునకో జట్టు కట్టుదురు. పేర్లు వ్రాసిన పిమ్మట ఒక్క క్షణమాగుడు. మనలో ఎవరి లోపమును ఎవరు కాచెదరని ప్రశ్నించుకొనుడు. అటుపిమ్మట తల యెత్తి, గట్టుమీద ఎవరు కూర్చుండి యున్నారో చూడుడు. మీ జట్టుకు కావలసినవాడు అక్కడనే యుండవచ్చును.