బిడ్డ ఉన్న ఊరే కోర్టు... లాయరూ అక్కడే!

దంపతులు విడిపోవాలనుకున్నప్పుడు విడాకుల కన్నా ముందొచ్చే ప్రశ్న... బిడ్డ ఎవరి దగ్గరుండాలి? ఆ కంగారులో చాలామంది ఫోన్ తీసి ‘బెస్ట్ లాయర్’ అని వెతుకుతారు. పైన కనిపించిన పేరే మంచి లాయరుది అనుకోకండి. మన దేశంలో న్యాయవాదులు ప్రకటనలిచ్చి కేసులు తెచ్చుకోకూడదు. పేరు, చిరునామా, అర్హతల్లాంటి కొద్ది వివరాలే వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ వేదికల్లో ప్రచారం చేసుకునేవారిపై చర్యలు తీసుకోవాలని 2024 జులైలో మద్రాస్ హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది కూడా. మరి సరైన లాయర్ దొరికేదెలా?

ముందు కోర్టు ఏదో చూసుకోండి

కస్టడీ కేసు మీకు వీలైన ఊళ్లో వేస్తానంటే కుదరదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం, బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడి కోర్టే వినాలి. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట ఆ పని అదే చేస్తుంది. మీ ఉద్యోగం హైదరాబాద్‌లో ఉన్నా, పాప ఏళ్లుగా తెనాలిలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటుంటే చూడాల్సింది గుంటూరు జిల్లా కోర్టులవైపే. గొడవపడి వారం కిందటే బిడ్డను వేరే ఊరు తీసుకెళ్తే, అసలు నివాసం ఏదన్నదే మొదటి వాదన అవుతుంది.

ఇక్కడ పొరపాటు జరిగితే నెలలు పోతాయి. ఈలోగా బిడ్డ ఒక ఇంటికి, ఒక బడికి అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత అక్కణ్నుంచి కదిలించడానికి కోర్టులూ వెనకాడతాయి. అందుకే రోజూ ఆ కోర్టుకే వెళ్లే లాయర్ మేలు.

డబ్బుల్లేవా?

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోండి. లేదంటే 15100కు ఫోన్ చేయండి.

ఇవి అడగండి

* ఈ కోర్టులో కస్టడీ కేసులు వాదించారా?
* వాయిదాలకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా?
* తీర్పు వచ్చేలోగా బిడ్డను కలిసేందుకు మధ్యంతర పిటిషన్ ఎప్పుడు వేస్తారు?
* మొత్తం ఫీజెంత? విడతలవారీగా తీసుకుంటారా?

‘గెలిస్తేనే ఫీజు ఇవ్వండి’ అంటే జాగ్రత్త. బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. ‘కచ్చితంగా గెలిపిస్తా’ అన్నా, ‘ముందు బిడ్డను బడి నుంచి తీసుకొచ్చేయండి’ అన్నా లేచి వచ్చేయండి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం(1956) ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలి. అయినా అన్నిటికన్నా ముందు చూసేది బిడ్డ క్షేమమే. ఎవరి జీతం ఎక్కువన్న ఒక్కదాన్నిబట్టే తీర్పు రాదు.

కాబట్టి లాయర్ దగ్గరకు వెళ్లేటప్పుడు భార్య తప్పులో, భర్త తప్పులో రాసుకున్న చిట్టా కన్నా ముందు బిడ్డ జనన ధ్రువపత్రం, బడి రికార్డులు, టీకాల కార్డు పట్టుకెళ్లండి. బిడ్డను రోజూ ఎవరు చూసుకుంటున్నారు, ఏ బడికి వెళ్తోంది... ఇవి అడిగి రాసుకునే లాయర్ దొరికితే సగం వెతుకులాట తీరినట్టే.